నాలుగో క్లాజు

స్టేషన్ రోడ్డుల పత్తి గింజల దుకాణం మీద
రెండు గదుల ఆఫీసు మాది.
చిదురాల వీరేశం అనసూయ కుటుంబ ట్రస్టు.
కింద షట్టరు ఎత్తినప్పుడల్లా
పైన నా కుర్చీ వణుకుతది.

పదకొండేండ్లుగ ఇక్కడ అర్జీలు నేనే చదువుతున్న.
దస్తావేజుల నాలుగో క్లాజు ఒక్కటే వాక్యం:
కంటి చూపు, తత్సంబంధమైన విషయాలకు మాత్రమే.
'మాత్రమే' కింద సేటు గీత గీసిండు,
కాగితం చిరిగేటంత గట్టిగ.

పరకాల నుంచి ఒకామె కిడ్నీల రిపోర్టు పట్టుకొచ్చింది.
"మాది కండ్ల ట్రస్టు తల్లీ" అన్న.
తిట్టలేదు, ఏడ్వలేదు.
రిపోర్టును మళ్లా ఆ మడతల మీదనే మడిచి
ఎంజీఎం దిక్కు నడుచుకుంట పోయింది.
ఆ రాత్రి నాకు అన్నం సయించలే.

తెల్లారి నుంచి క్లాజును సాగదీసుడు మొదలువెట్టిన.
నర్సంపేట బడిల వెనుక బెంచీ పిల్లలకు
అక్షరాలు కనవడ్తలేవంటే కొత్త బోర్డు. చూపే కదా.
ఏటూరునాగారం దిక్కు ఆడపిల్లల హాస్టలు తొవ్వకు
నాలుగు సోలారు దీపాలు. అదీ చూపే.
కొత్తవాడల మగ్గం నేసే ముసలాయన పానం పోతే
సూరత్ నుంచి బిడ్డ రైలు దిగేదాక
శవాన్ని ఉంచిన ఐసుపెట్టె కిరాయి
కడచూపు అని రాసిన.
చర్లపల్లి జైల్ల కొడుకును చూసొస్తనన్న తల్లికి
బస్సు ఛార్జీ, దారిల రెండు అరటిపండ్లు.
ఒకాయన పెళ్లిచూపులకు అడిగిండు.
అది మాత్రం ఇయ్యలే.
క్లాజుకు సుత సిగ్గుంటది.

మార్చి ఆఖరుకు మీటింగు పెట్టిన్రు.
ధనుంజయ్ సారుకు గోశాల మీద మనసు,
కోడలు శ్రీలేఖమ్మకు ఆడపిల్లల కంప్యూటర్లు,
మనవడు నిఖిలేశ్‌కు వీధికుక్కలు.
ఎవరి పుణ్యం వాళ్లకు ముద్దు.
ఆడిటరు నా ఖాతాల వేలు పెట్టి ఆపిండు:
"కండ్ల పద్దుల ఈ ఐసుపెట్టె ఏంది?"
ఫ్యాను తిరుగుడు ఒక్కటే వినవడ్డది.

బల్ల చివర అనసూయమ్మ.
కండ్లకు పొరలొచ్చి మూడేండ్లు.
ఊరందరికి చేయించే ఆపరేషను తనకు వద్దంటది.
ఎందుకో ఎవ్వలం అడగలే.

"ఉండనియ్యిరి" అన్నది.
"ఎనుమాముల యార్డుల మిర్చి బస్తాలు నెట్టు కట్టేటప్పుడు
కొక్కెం జారి కొమురయ్య కన్ను పోయింది.
మీ తాత దవాఖానకు రెండు వందలిచ్చిండు,
తెల్లారి ఇంకో హమాలీని పెట్టుకున్నడు.
అటెనుక ఇరువయ్యేండ్లు
ఆ గేటు కాడికొస్తే ఆకాశం దిక్కు చూసుకుంట పోయేటోడు.
ఒక్కని ముఖం చూడలేక
జిల్లకు చూపు కొన్నడు.
ఐసుపెట్టె దాని కన్న ఎక్కువైందా?"

ఆడిటరు పెన్నుకు మూత పెట్టిండు.
నిఖిలేశ్ ఫోను బోర్లేసిండు.
మిర్చి బజ్జీలు వచ్చినయి, ఎవ్వలూ ముట్టలే.
ఐసుపెట్టె పాసయ్యింది,
కుక్కలు సుత పాసయినయి.

సాయంత్రం రిజిస్టర్లన్ని దించిన.
పదకొండు వేల పేర్లు,
ఎడమ కన్ను, కుడి కన్ను, తేదీ, వేలిముద్ర.
కొమురయ్య లేడు.

లేకపోవుడేంది,
యార్డు రెండో గేటు కాడ చాయ్ పోస్తడు.
నేను రోజూ తాగేది ఆడనే.
పోయిన కన్ను సంగతి ఇన్నేండ్ల నుంచి
పుట్టుకతోటే అనుకున్న.

మూడు వారాలైతాంది,
అంగి జేబుల ఖాళీ అర్జీ పెట్టుకొని తిరుగుతున్న.
'ఏ సాయం కావాలె' అనే గడి కాడ
నేనే ఆగిపోతున్న.
ఏమని అడుగుమనాలె ఆయనను?

"జేబుల ఏందో కరకరమంటాంది సారూ" అన్నడు నిన్న.
"కరెంటు బిల్లు" అన్న.

గ్లాసు అంచుదాక పోసిండు,
ఒక్క బొట్టు ఒలుకలే.
ఇచ్చుకుంట నా ముఖం దిక్కు చూసిండు.
నేను చాయ్ మీద మీగడను చూసిన.